అసల్ ఉత్తర్ సినారియోలో ప్రతిసారీ ప్యాటన్లే ఎందుకు గెలుస్తున్నాయి?

మీ ప్రశ్న శ్రద్ధగా చదివాను. స్టీల్ పాంథర్స్ మెయిన్ బాటిల్ ట్యాంక్ అనే కంప్యూటర్ యుద్ధ క్రీడలో సొంత పోరులు, అంటే సినారియోలు, కట్టుకునే ఎడిటర్‌తో 1965 భారత్-పాకిస్తాన్ యుద్ధంలో సెప్టెంబరు నాటి అసల్ ఉత్తర్ ట్యాంకుల పోరును మీరే కట్టారు. రెండు వైపులా రెజిమెంట్లు సరిగ్గానే పెట్టారు. అయినా నడిపిన ప్రతిసారీ పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు దూరం నుంచే మన షెర్మన్ ట్యాంకులను కాల్చేసి భిఖీవిండ్ రోడ్డు ఎక్కేస్తున్నాయి. చివరికి ఆట అమరికల్లో (ప్రిఫరెన్సుల్లో) భారత ట్యాంకుల దృఢత్వాన్ని 100 నుంచి 140కి పెంచారు. ఇప్పుడు మనవాళ్లు గెలుస్తున్నారు గానీ తృప్తిగా లేదు, ఇది సరైన పద్ధతేనా అని అడిగారు.

కాదు. ఆ అంకెను ముందు 100కి దించేయండి. షెర్మన్ కవచం 1965లో ఎంత ఉందో మీ సినారియోలోనూ అంతే ఉండాలి. ప్యాటన్ 90 ఎంఎం గన్ దాన్ని చీల్చగలిగేది, మీ ఆటలోనూ చీల్చాలి. చరిత్రలో పాకిస్తాన్ ఓడిపోయింది మన ఇనుము గట్టిదవడం వల్ల కాదు. మీరు యుద్ధ ఫలితాన్ని తిరిగి రప్పించాలని చూస్తున్నారు. తిరిగి కట్టవలసింది ఆ రోజు ఇరుపక్షాల సేనానుల ముందున్న చిక్కును. ఆ చిక్కును సరిగ్గా కడితే ఫలితం చాలావరకు దానంతటదే వస్తుంది. రానప్పుడు ఎందుకు రాలేదో వెతకడం ఈ వ్యాపకంలో అన్నిటికన్నా విలువైన పని.

నౌకాయుద్ధాల ఆటల నుంచి ట్యాంకుల వైపు వచ్చానని రాశారు. విశాఖలో అది సహజం. బీచ్ రోడ్డులో కుర్సురా జలాంతర్గామి లోపల తిరిగి, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ కథ వింటూ పెరిగిన వాళ్లం మనం. సముద్రం మీద పోరులో ఓడకూ ఓడకూ పోలిక పెట్టడం ముఖ్యం: ఎవరి గన్ ఎంత దూరం కొడుతుంది, ఎవరి వేగం ఎంత, ఎవరి కవచం మందమెంత. నీటి మీద మెట్టపల్లాలు లేవు, దాక్కోవడానికి చెట్టూ పుట్టా లేవు. ఆ అలవాటుతో ట్యాంకుల దగ్గరికి వస్తే ప్యాటన్‌కూ షెర్మన్‌కూ పట్టిక వేసి చూస్తాం. పట్టికలో ప్యాటన్ గెలుస్తుంది, మీ ఆటలోనూ గెలుస్తోంది. అంటే ఆట తప్పు చేయడం లేదు. చదునైన ఖాళీ మైదానంలో వాటిని ఎదురెదురుగా నిలబెడితే ఏం జరగాలో అదే చూపిస్తోంది. మీ మ్యాపే సముద్రంలా ఉంది.

ఈ సమాధానం చదివే మిగతావారి కోసం జరిగినది క్లుప్తంగా చెబుతాను. పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ రంగంలో మన 4వ మౌంటెన్ డివిజన్ మొదట ముందుకు వెళ్లి, ఎదురుదాడి తీవ్రత చూసి వెనక్కి జరిగింది. అసల్ ఉత్తర్, చిమా గ్రామాల చుట్టూ గుర్రపు నాడా ఆకారంలో కాపు కాసింది. దానికి అండగా బ్రిగేడియర్ త్యాగరాజ్ ఆధ్వర్యంలో 2వ ఇండిపెండెంట్ ఆర్మర్డ్ బ్రిగేడ్ ఉంది. ఈ పోరులో మన వైపు మూడు ట్యాంకు రెజిమెంట్లు ఉన్నాయి: సెంచూరియన్లతో 3వ కావల్రీ, షెర్మన్లతో డెక్కన్ హార్స్, తేలికపాటి ఏఎంఎక్స్-13లతో 8వ కావల్రీ. డెక్కన్ హార్స్ మూలాలు నిజాం కాలపు హైదరాబాద్ కంటింజెంట్‌లో ఉన్నాయి. అప్పుడు దాన్ని నడిపిన లెఫ్టినెంట్ కల్నల్ అరుణ్ శ్రీధర్ వైద్య తర్వాతి కాలంలో సైన్యాధిపతి అయ్యారు. ఎదుట పాకిస్తాన్ 1వ ఆర్మర్డ్ డివిజన్, ఎం-47, ఎం-48 ప్యాటన్లతో వచ్చింది. సెప్టెంబరు 8 నుంచి 10 వరకు వరుస దాడులు చేసింది. భారత కథనాల ప్రకారం 97 ట్యాంకులు పోగొట్టుకుంది. వాటిలో చాలావాటిని భిఖీవిండ్ దగ్గర వరుసగా నిలబెట్టారు. ఆ చోటికి ప్యాటన్ నగర్ అనే పేరు వచ్చింది.

ఇప్పుడు మీ మ్యాప్ సంగతి. మీరు పంపిన చిత్రంలో గ్రామాలు, రెండు రోడ్లు, అక్కడక్కడ నాలుగు చెట్లు ఉన్నాయి. మిగతాదంతా పచ్చటి మైదానం. నేటి ఉపగ్రహ చిత్రం చూసి గీశానని చెప్పారు గానీ అక్కడే అసలు ఇబ్బంది. నేడు సెప్టెంబరులో పంజాబ్ అంటే వరి చేలు. 1965 నాటికి హరిత విప్లవం ఇంకా రాలేదు, అక్కడ వరి విస్తీర్ణం చాలా తక్కువ. అప్పటి పొలాల్లో చెరుకు, పత్తి, మొక్కజొన్న, పశుగ్రాసం ఉండేవి. ఈ పోరుకు ప్రాణం చెరుకు తోటలోనే ఉంది. మన ట్యాంకులు, జీపుల మీది గన్లు వాటిలో దాక్కున్నాయి.

దీన్ని కాగితం మీద అర్థం చేసుకోవడం కష్టం, కంటితో చూడటం సులువు. మీరు గాజువాకలో ఉంటున్నానన్నారు కాబట్టి, కోతలు మొదలవకముందు ఒక ఆదివారం అనకాపల్లి వైపు వెళ్లండి. ఎదిగిన చెరుకు తోట గట్టు మీద నిలబడి లోపలికి చూడండి. మనిషి పది అడుగులు లోపలికి వెళితే కనబడడు. తోట నిండుగా పెరిగితే మనిషి తలకంటే బాగా ఎత్తు ఉంటుంది. షెర్మన్ ఎత్తు సుమారు 2.7 మీటర్లు, ప్యాటన్, సెంచూరియన్లు 3 మీటర్ల అటూ ఇటూ. తోట వెనక కదలకుండా నిలిపిన ట్యాంకు పైకప్పు మాత్రమే తెలుస్తుంది, ఒక్కోసారి అదీ తెలియదు. అదే తోటను తొక్కుకుంటూ వచ్చే ట్యాంకు గడలు విరుచుకుంటూ, ఊగే ఆకులతో తాను ఎక్కడున్నదీ చాటుకుంటూ వస్తుంది. చూపు విషయంలో కదిలేవాడికీ ఆగినవాడికీ ఉన్న ఈ తేడాయే ఆ మూడు రోజుల యుద్ధం. గట్టు దిగి తోట అంచు నుంచి రోడ్డు ఎంత దూరం కనిపిస్తుందో కూడా కొలుచుకోండి, మీ మ్యాపులో ఆ దూరాలే వాడుకోవచ్చు.

ఆటలో ఒక గడి అంటే 50 మీటర్లు. ఎడిటర్‌లోని మామూలు పంట గడి చూపును ఎంతవరకు ఆపుతుందో ఒక ట్యాంకును నిలబెట్టి పరీక్షించండి. సరిపోకపోతే చెరుకు స్థానంలో అంతకంటే దట్టమైన పచ్చదనం ఉన్న గడిని వాడండి. గడి పేరు ఏదైనా ఫరవాలేదు, పని సరిపోవాలి. తోటలను ఒకే పెద్ద ముద్దగా పరచకండి. చిన్న కమతాల కాలం అది. రెండు మూడు గడుల చెరుకు, పక్కన ఖాళీ చేను, మళ్లీ చెరుకు, ఇలా అతుకులు అతుకులుగా వేయండి. అప్పుడు ప్యాటన్‌కు కనిపించే దూరం ఒక్కసారిగా కిలోమీటరున్నర నుంచి కొన్ని వందల మీటర్లకు పడిపోతుంది. ప్యాటన్‌లో దూరం కొలిచే స్టీరియో రేంజ్‌ఫైండర్ ఉంది, దూరపు గురికి అది గొప్ప సాధనం. దగ్గరి దూరంలో దానితో పెద్దగా పని ఉండదు. అక్కడ ఎవరు ముందు చూశారు, ఎవరు ముందు పేల్చారు అన్నదే లెక్క. మీరు కవచం అంకె పెంచి సాధించాలనుకున్నది ఈ ఒక్క మార్పుతో సగం వచ్చేస్తుంది.

మిగతా సగం నీళ్లు. మనవాళ్లు కాలువలకు గండి కొట్టి పొలాల్లోకి నీళ్లు వదిలారు. ప్యాటన్లు ఆ మెత్తటి నేలలో దిగబడిపోయాయి. చాలామంది సినారియో రచయితలు ఇక్కడ ప్యాటన్‌కు ప్రత్యేకంగా బురద శిక్ష వేస్తారు. అలా చేయకండి. ఎం-48 బరువు 45 టన్నుల పైమాట. మన సెంచూరియన్ అంతకంటే బరువు, 50 టన్నుల పైనే. అదే బురదలోకి నడిపితే సెంచూరియన్ కూడా దిగబడుతుంది. నీరు ట్యాంకు రకాన్ని చూడదు, కదలక తప్పనివాడిని పట్టుకుంటుంది. దాడి చేసేవాడు కదలాలి, కాపు కాసేవాడు ఎండిన గట్టు మీద కూర్చోవచ్చు. అందుకే నీటి గడులను రెండు పక్షాలకూ ఒకే నియమంతో పెట్టండి, చోటు మాత్రం సరిగ్గా ఎంచుకోండి. రోడ్లకు దూరంగా చుట్టు తిరిగి వచ్చే దారుల్లో, మన గుర్రపు నాడా అంచుల బయట, పైకి ఎండినట్టు కనిపించే చేలలో మెత్తటి నేల ఉండాలి. నిండు నీరు కనిపించే గడులు తక్కువ, బురద గడులు ఎక్కువ పెట్టండి. నిండు నీరు చూస్తే ఆటగాడు పక్కకు తప్పుకుంటాడు, బురదలోకి మాత్రం ధైర్యంగా వెళతాడు.

ఎత్తుల గురించి ఒక మాట. మీరు 30 మీటర్ల ఎస్ఆర్‌టీఎం (అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన) ఎత్తుల సమాచారాన్ని దింపుకుని అంతా చదునుగా ఉందని వదిలేశారు. సన్నటి కాలువ గట్టు ఆ సమాచారంలో దొరకదు. అలాంటి నేల మీద మాత్రం మీటరు, మీటరున్నర గట్టే కోటగోడ. దాని వెనక నిలిచిన ట్యాంకు పొట్ట దాగి, గన్ ఉండే పైభాగం (టరెట్) మాత్రం పైకి ఉంటుంది. కాలువలు, నాలాలు, రోడ్డు కట్టలు చేత్తో గీయాల్సిందే. అమెరికా సైన్యపు మ్యాప్ సర్వీస్ 1950లలో వేసిన యూ502 శ్రేణి పటాలు 1:250000 స్కేలులో ఉచితంగా దొరుకుతాయి. పొలం స్థాయి వివరం వాటిలో ఉండదు గానీ అప్పటి రోడ్లు, కాలువల దిశ తెలుస్తుంది. 1960 నుంచి 1972 వరకు పనిచేసి, తర్వాత బయటికి విడుదలైన కొరోనా గూఢచారి ఉపగ్రహాల చిత్రాల్లో కూడా వెతకండి. నేటి చిత్రం కంటే అవి ఎంతో నమ్మదగినవి.

తర్వాతది పదాతిదళం. మీ సినారియోలో మన వైపు ట్యాంకులే కనిపిస్తున్నాయి. ఇది ప్రధానంగా ఒక పదాతి డివిజన్ కాచుకున్న స్థావరం. 4 గ్రెనేడియర్స్‌కు చెందిన అబ్దుల్ హమీద్ జీపు మీది 106 ఎంఎం రీకాయిలెస్ గన్ అనే ట్యాంకులను కొట్టే తేలికపాటి ఫిరంగితో చిమా దగ్గర ఒకదాని తర్వాత ఒకటిగా ప్యాటన్లను కొట్టి, సెప్టెంబరు 10న ప్రాణమిచ్చాడు. పరమవీర చక్ర ఆయనకు ఊరికే రాలేదు. ఆ గన్ పేలినప్పుడు వెనక నుంచి మంట, దుమ్ము భారీగా ఎగసి చోటు బయటపడుతుంది. కొట్టగానే జీపు అక్కడి నుంచి జారుకోవాలి. కాబట్టి 106 ఎంఎం గన్లను కందకాల్లో కాకుండా జీపుల మీదే పెట్టండి. ఒక్కోదానికి వెనక రెండు మూడు దాగుడు చోట్లు ఉండేలా తోటలు అమర్చండి. పాకిస్తాన్ వైపు వచ్చే పదాతిదళాన్ని ట్యాంకులతో కలిపి మొదటి టర్నులోనే (వంతులోనే) దింపకండి. ఆ రోజుల్లో వాళ్ల ట్యాంకులకు, కాలిబంట్లకు మధ్య పొత్తు సరిగ్గా కుదరలేదు. వాళ్లను ఆలస్యంగా వచ్చే బలగంగా పెడితే సరిపోతుంది. తోటలోకి తొంగి చూసే కాలిబంటు పక్కన లేని ట్యాంకు ఎంత గుడ్డిదో ఆట మీకే చూపిస్తుంది.

ఇక అన్నిటికన్నా కష్టమైనది ఆటగాడి తెలివి. మీ ఆటలో పాకిస్తాన్ పక్షం తీసుకున్న స్నేహితుడికి అసల్ ఉత్తర్‌లో ఏం జరిగిందో ముందే తెలుసు. చెరుకు తోటల్లోకి వెళ్లడు, గండి నీళ్ల జాడ ముందే వెతుకుతాడు. అప్పటి సేనానికి అది తెలియదు. మన ఊరి ఉదాహరణే తీసుకోండి. 1971లో ఘాజీ జలాంతర్గామి మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ విశాఖ దాకా వచ్చింది. విక్రాంత్ ఇక్కడే ఉందని నమ్మించేలా మన తూర్పు నౌకాదళం సంకేతాలు నడిపింది, ఆ నౌక మాత్రం అండమాన్ వైపు ఉంది. డిసెంబరు 3-4 రాత్రి ఘాజీ మన రేవు ముందే మునిగింది. ఎలా మునిగిందన్న దానిపై వాదనలు ఉన్నాయి, ఎందుకు వచ్చిందన్న దానిపై పెద్దగా లేవు. ఈ పోరును ఆటగా కట్టి, ఘాజీ కెప్టెన్‌గా ఆడేవాడికి విక్రాంత్ అండమాన్‌లో ఉందని తెలియనిస్తే ఇక అక్కడ ఆటే లేదు. తెలియకపోవడం ఆ చరిత్రలో ఒక భాగం, దాన్ని కూడా ఎడిటర్‌లో కట్టాలి.

దానికి నాకు తెలిసిన మంచి మార్గం మారువేషం. మ్యాపును తలకిందులుగా గానీ అద్దంలో బింబంలా గానీ తిప్పేయండి. ఊళ్ల పేర్లు మార్చండి. తేదీ, దేశం చెప్పకండి. ఎడిటర్ ఒప్పుకుంటే దళాల పేర్లు కూడా తీసేయండి. 'మీ ముందు ఒక పదాతి డివిజన్ బలహీనపడి వెనక్కి జరుగుతోంది, వేగంగా చీల్చుకుని వెళ్లాలి' అని మాత్రమే ఆదేశపత్రంలో రాయండి. పాకిస్తాన్ సేనాని నమ్మినది దాదాపు అదే, అందులో మోసం లేదు. నీళ్ల గడులు కూడా రెండు మూడు రకాలుగా పెట్టిన ఫైళ్లు తయారుచేసుకుని, ఏది ఇస్తున్నారో చెప్పకుండా ఇవ్వండి. ఇలా ఆడినప్పుడు, యుద్ధ చరిత్రలో పండిపోయిన ఆటగాళ్లు కూడా నేరుగా తోటల్లోకి ట్యాంకులు తోలడం నేను చూశాను. ఆ క్షణంలో వాళ్లకు 1965 సేనాని మూర్ఖుడిలా కనిపించడు. మారువేషం వల్ల వచ్చే పెద్ద లాభం అదే.

తొందర కూడా కట్టాలి. పాకిస్తాన్ డివిజన్ లక్ష్యం చిమా గ్రామం కాదు, చాలా వెనక బియాస్ నది మీది వంతెన. అక్కడికి చేరితే అమృత్‌సర్‌కు వెళ్లే గ్రాండ్ ట్రంక్ రోడ్డు తెగిపోతుంది. అంత దూరపు లక్ష్యం ఉన్నవాడు ప్రతి తోటా గాలిస్తూ కూర్చోలేడు. మీ సినారియోలో విజయ గడులన్నీ చిమాలోనే ఉన్నాయి, టర్నులు కావలసినన్ని ఉన్నాయి. అందుకే మీ స్నేహితుడు నిదానంగా దూరం నుంచి కాల్చుకుంటూ వస్తున్నాడు. ఎక్కువ పాయింట్లున్న గడులను మ్యాపు వెనక అంచున, భిఖీవిండ్, పట్టీ వైపు వెళ్లే రోడ్ల మీద పెట్టండి. టర్నులు సగానికి తగ్గించండి. దాడి చేసేవాడికి నిదానం ఖరీదైన వస్తువు కావాలి.

మూడు రోజుల పోరునూ ఒకే సినారియోలో ఇరికించవద్దు. ఈ ఆటలో ఒక టర్ను రెండు మూడు నిమిషాల కాలం, మూడు రోజులు అందులో పట్టవు. సెప్టెంబరు 10 ఉదయం, చిమా చుట్టూ అయిదారు కిలోమీటర్లు, పాకిస్తాన్ వైపు రెండు ట్యాంకు స్క్వాడ్రన్లు (రెజిమెంటులోని భాగాలు), మన వైపు ఒక గ్రెనేడియర్ కంపెనీ, ఒక ట్యాంకు స్క్వాడ్రన్: ఇంతే తీసుకోండి. మొత్తం యుద్ధం కావాలంటే ఒక గడి కిలోమీటరుగా ఉండే ఆటలు వేరే ఉన్నాయి. వాటిలో సరఫరా, ఆజ్ఞల జాప్యం బాగా వస్తాయి, చెరుకు తోట రాదు.

ఫలితాన్ని ఎలా సరిచూసుకోవాలి? ఒక్కసారి ఆడి చరిత్రలాగే వచ్చింది, రాలేదు అని తీర్పు ఇవ్వకండి. రెండు పక్షాలూ కంప్యూటర్‌కు అప్పగించి రాత్రంతా నడపండి, నష్టాల పట్టిక రాసుకోండి. చరిత్రలో జరిగినది ఆ ఫలితాల విస్తృతిలో ఎక్కడో ఒకచోట పడాలి. సరిగ్గా మధ్యలోనే పడాలని లేదు. ఆ రోజు అదృష్టం కూడా పనిచేసింది. సెప్టెంబరు 10న పాకిస్తాన్ ఫిరంగిదళ బ్రిగేడియర్ షమీ మన మాటులో చిక్కి చనిపోయాడు. ప్రతిసారీ అలా జరిగేలా స్క్రిప్టు రాస్తే అది చరిత్ర పునర్నిర్మాణం కాదు, నాటకం.

నష్టాల లెక్కలో మరో జాగ్రత్త అవసరం. 97 ట్యాంకులంటే 97 గుండ్ల దెబ్బలు కాదు. దిగబడి వదిలేసినవి, సిబ్బంది ఇంజిన్ నడుస్తుండగానే దిగి పారిపోయినవి వాటిలో చాలా ఉన్నాయి. కాబట్టి ఆట చివర 'ధ్వంసం' అని వచ్చే అంకెను మాత్రమే చరిత్రతో పోల్చకండి, కదలలేనివి, సిబ్బంది వదిలేసినవి కూడా కలపండి. మీ పట్టికలో ధ్వంసమైనవాటికి దీటుగా వదిలేసినవి కూడా వస్తే మీరు దారిలోనే ఉన్నారు.

ఇలాంటి పనిని సైన్యాలే ఎంత శ్రద్ధగా చేశాయో తెలుసుకోవాలంటే 73 ఈస్టింగ్ అనే ట్యాంకుల పోరు గురించి చదవండి. 1991 ఫిబ్రవరి 26న ఇరాక్ ఎడారిలో ఇసుక తుపాను మధ్య అమెరికా 2వ ఆర్మర్డ్ కావల్రీ రెజిమెంట్ ఇరాక్ రిపబ్లికన్ గార్డ్ ట్యాంకులను చిత్తు చేసింది. యుద్ధం ముగిశాక ఒక బృందం ఆ పోరును కంప్యూటర్‌లో నిమిషం నిమిషం తిరిగి కట్టింది. సిబ్బందితో మాట్లాడారు, వాళ్లను వెంటబెట్టుకుని ఆ నేల మీద నడిచారు, ఇసుకలో ట్యాంకు జాడలు కొలిచారు. అక్కడ గెలుపులో పెద్ద పాత్ర దుమ్ములోంచి వేడిని చూడగల థర్మల్ సైట్లది. ఎవరు ముందు చూశారన్న ప్రశ్న చెరుకు తోటలోనూ ఇసుక తుపానులోనూ ఒకటే.

చదవాల్సినవాటి విషయంలో, మన రక్షణ శాఖ చరిత్ర విభాగం రాసిన అధికార చరిత్రతో మొదలుపెట్టండి. శౌర్య పతకాల ప్రశంసాపత్రాలు ఒక్కొక్కటిగా చూడండి, వాటిలో చోటు, తేదీ, దళం పేరు దొరుకుతాయి. తర్వాత పాకిస్తాన్ విశ్రాంత అధికారులు రాసినవి తప్పకుండా చదవండి. రోహి నాలా దాటడంలో వాళ్లకు కలిగిన జాప్యం, ఆజ్ఞల గందరగోళం గురించి వాళ్లే విప్పి రాశారు. అవి చదవకుండా పాకిస్తాన్ వైపు బలగాల రాకను టర్నుల్లో పేర్చలేరు.

బసంతర్ పోరు కూడా కడతానన్నారు. దాన్ని తర్వాతకు ఉంచండి. 1971 డిసెంబరులో మన ట్యాంకు రెజిమెంట్ పూనా హార్స్ మందుపాతరల పొలాన్ని ఇంజినీర్లు పూర్తిగా శుభ్రం చేయకముందే దాటిన పోరు అది. సన్నటి బాట, చీకటి, ఎవరు ఏ క్షణాన దాటాలన్న నిర్ణయం, ఇవన్నీ చెరుకు తోటకంటే కష్టమైన పనులు.

చిమా సినారియో సిద్ధమయ్యాక ఫైలు నాకు పంపండి. బురద గడులను మీకు తోచినచోటికి మార్చి, ఎక్కడ పెట్టారో చెప్పకుండా పంపండి. పాకిస్తాన్ పక్షం నేను ఆడతాను.